విశాఖలో ఇంట్లో పగడాల ట్యాంకు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉప్పునీటి రీఫ్ ట్యాంకు పెట్టాలనుకునే విశాఖవాసులకు తిరిగి తిరిగి వచ్చే సందేహాలివి. ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికే నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. లెక్కలన్నీ ఎక్కువమంది మొదలుపెట్టే సైజుకు వేసినవి: 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, కింద 60 లీటర్ల సంప్ (ట్యాంకు నీళ్లు దిగి, మోటారుతో మళ్లీ పైకి వెళ్లే రెండో తొట్టి). రాళ్లు, ఇసుక పోను ఇందులో సుమారు 220 లీటర్ల నీళ్లు పడతాయి.

## కొనకముందు

మంచినీటి చేపలు చాలా ఏళ్లుగా పెంచుతున్నాను. ఇది కూడా అంతే కదా?

చేపల వరకు ఆ అనుభవం పనికొస్తుంది. పగడాల దగ్గర పనికిరాదు. మంచినీటి ట్యాంకులో పొరపాటు జరిగితే దిద్దుకోవడానికి రెండు మూడు రోజులు దొరుకుతాయి, ఇక్కడ గంటలే. వెచ్చటి ఉప్పునీటిలో ప్రాణవాయువు తక్కువగా కరగడం ఒక కారణం. 26 డిగ్రీల దగ్గర మంచినీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములు పడితే, సముద్రపు నీటిలో 6.7 దాకానే పడుతుంది. నీటి పీహెచ్ ఎక్కువ కావడం రెండో కారణం. దానివల్ల అదే మోతాదు అమ్మోనియా ఇక్కడ ఎక్కువ విషమవుతుంది.

ముందు చిన్న ట్యాంకుతో నేర్చుకుంటే మంచిది కదా?

చిన్నదే కష్టం. 30 లీటర్ల ట్యాంకులో ఒక లీటరు ఆవిరైతే లవణీయత (కిలో నీటిలో ఎన్ని గ్రాముల ఉప్పుందో చెప్పే పీపీటీ అంకె) 35 నుంచి 36.2కి ఎగబాకుతుంది. 220 లీటర్లలో అదే లీటరు పోతే 35.2 కూడా దాటదు. ఉష్ణోగ్రతకూ ఇదే లెక్క. మొదటి ట్యాంకుకు 150 లీటర్ల లోపు వద్దు.

మాది అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. స్లాబ్ ఆగుతుందా?

నీళ్లు, 10 మిల్లీమీటర్ల గాజు, స్టాండు, రాళ్లు, సంప్ అన్నీ కలిపితే 350 నుంచి 380 కిలోలు వస్తుంది. ఇళ్ల స్లాబులను భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారానికి లెక్కగడతారు. అది గది మొత్తానికి వేసే లెక్క కాబట్టి, ఈ సైజు ట్యాంకును బీమ్ ఉన్న గోడ వారగా, పొడవు వైపు గోడకు ఆనించి పెడితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. గది మధ్యలో వద్దు, బాల్కనీలో అసలే వద్దు. 4 అడుగులు దాటితే మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరును అడగాల్సిందే.

విశాఖలో ఇంకొకటి కూడా చూడాలి. సముద్రపు గాలికి స్లాబులోని ఊచలు తుప్పుపట్టి పెచ్చులూడుతుంటాయి. ట్యాంకు పెట్టాలనుకున్న చోటికి సరిగ్గా కింది ఇంటివాళ్ల సీలింగు ఒకసారి చూసి రండి. పొడుగ్గా పగుళ్లో తుప్పు మరకలో కనిపిస్తే ఆ చోటు వదిలేయండి.

వాస్తు కోసం తూర్పు కిటికీ పక్కన పెడతామనేవాళ్లు చాలామంది. పొద్దుటి ఎండ గంటసేపు పడినా నీళ్లు వేడెక్కుతాయి, నాచు పడుతుంది. దిక్కు మీ ఇష్టం, ఎండ మాత్రం తగలకూడదు.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

వేసవి రోజుకు లెక్క ఇది. నీళ్లను చల్లబరిచే 250 వాట్ల చిల్లర్ 10 గంటలు తిరిగితే 2.5 యూనిట్లు. సంప్ నీళ్లను పైకి పంపే 30 వాట్ల రిటర్న్ మోటారు రోజంతా 0.72. స్కిమ్మర్ (గాలి నురుగుతో మురికి తీసేది), వేవ్‌మేకర్ (ట్యాంకులో నీళ్లు తిప్పేది) చెరో 15 వాట్లు, రెండూ కలిపి 0.72. 80 వాట్ల లైటు 9 గంటలకు 0.72. మొత్తం 4.7 యూనిట్లు, అంటే నెలకు సుమారు 140. చలికాలంలో చిల్లర్ పని తగ్గి 80 దగ్గరికి వస్తుంది. ఈ యూనిట్లు మీ ఇంటి వాడకం మీద అదనంగా పడతాయి, పై స్లాబు రేటుతో లెక్కేసుకోండి.

పగడాలు ఇంట్లో ఉంచుకోవడం నేరమంటున్నారు. నిజమేనా?

గట్టి పగడాల విషయంలో నిజమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో 2001 నుంచి రాతి పగడాలన్నీ ఉన్నాయి. నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్లు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు కూడా అదే ఏడాది ఆ చట్టం రక్షణలోకి వచ్చాయి. ఈ షెడ్యూలు జీవులతో పట్టుబడితే 3 నుంచి 7 ఏళ్ల దాకా జైలు. చచ్చిన పగడపు ముక్కలకూ చట్టం వర్తిస్తుంది కాబట్టి, మన్నార్ సింధుశాఖ రాయి అంటూ గుట్టుగా అమ్మేవాటి జోలికి పోవద్దు. విదేశాల నుంచి వచ్చినవని అమ్మకందారు చెబితే దిగుమతి పత్రాలు చూపించమనండి. నోటిమాట సరిపోదు.

దారి లేకపోలేదు. జోవాంథిడ్లు, మష్రూమ్ కోరల్స్, లెదర్ కోరల్స్, జీనియా లాంటి మెత్తటి రకాలు ఆ జాబితాలో లేవు. కొత్తవాళ్ల చేతిలో బతికేవీ ఇవే. పెద్ద దీపాలు, రోజూ కాల్షియం మోతాదులు అక్కర్లేదు. ఈ పేజీలోని సలహాలన్నీ మెత్తటి పగడాల ట్యాంకును దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవే. బిల్లు మాత్రం తప్పక తీసుకుని దాచుకోండి.

## నీళ్లు, ఉప్పు

బీచ్ రోడ్డు పక్కనే ఉంటాం. సముద్రపు నీళ్లు తెచ్చి పోసుకుంటే ఉప్పు ఖర్చు తప్పుతుంది కదా?

అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. జవాబు మాత్రం వద్దనే.

బంగాళాఖాతం నీళ్లు ఏడాది పొడుగునా ఒకేలా ఉండవు. వానాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది కుమ్మరించిన మంచినీళ్లు వానలు వెనకబట్టాక తీరం వెంబడి దక్షిణానికి దిగివస్తాయి. అక్టోబరు, నవంబరులో విశాఖ తీరంలో పైపొర లవణీయత 30కి బాగా కిందికి పడిపోతుంది. మార్చి, ఏప్రిల్లో మళ్లీ 34 దగ్గరికి చేరుతుంది. పగడాలకు ఏడాదంతా 35 నిలకడగా ఉండాలి. దీనికితోడు ఒడ్డు నీటిలో గెడ్డల మురుగు, హార్బరు వైపు నూనె, పోర్టు దుమ్ము. ఆ నీటిలో ఉన్న సూక్ష్మజీవులు బిందెలో చచ్చి కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. చేపల పరాన్నజీవులూ వెంట వస్తాయి.

పడవ మీద కొన్ని కిలోమీటర్లు లోపలికి వెళ్లి, వేసవి మొదట్లో నీళ్లు పట్టి, చీకట్లో గాలి ఆడిస్తూ రెండు వారాలు నిలవబెట్టి, వడకట్టి వాడుకోవచ్చు. వారం వారం ఆ పని ఎవరు చేస్తారు? రీఫ్ ఉప్పు కొనుక్కోవడమే చవక.

నౌపడ కళ్లుప్పు వాడకూడదా? అదీ సముద్రం నుంచి వచ్చిందేగా?

వచ్చింది సముద్రం నుంచే, కానీ సగం సరుకు మడిలోనే ఉండిపోయింది. నీళ్లు ఇంకే క్రమంలో కాల్షియం ముందే జిప్సంగా విడిపోతుంది. తర్వాత గడ్డకట్టేది సోడియం క్లోరైడు. మెగ్నీషియం, పొటాషియం లవణాలు మిగిలిన చేదు నీటితో బయటికి పోతాయి. అందుకే కళ్లుప్పు కలిపిన నీటిలో లవణీయత మీటరు 35 చూపించినా పగడానికి కావలసినవి ఉండవు. రీఫ్ ట్యాంకుల కోసం తయారుచేసిన ఉప్పే వాడండి.

ఉప్పు ఎంత, ఎలా కలపాలి?

లీటరుకు 36 నుంచి 38 గ్రాములు. మొదటిసారి 220 లీటర్లకు సుమారు 8 కిలోలు పడుతుంది. ముందు నీళ్లు పోసి, మోటారు తిరుగుతుండగా ఉప్పు కొంచెం కొంచెంగా వేయాలి. ఉప్పు వేసి దాని మీద నీళ్లు పోస్తే కాల్షియం తెల్లటి పొడిగా విడిపోయి అడుగున పేరుకుంటుంది, అది ఇక కరగదు. 24 గంటలు తిప్పాక లవణీయత 35, ఉష్ణోగ్రత ట్యాంకుతో సమానంగా ఉన్నాయని చూసుకుని పోయండి. సంచి విప్పిన ఉప్పు విశాఖ తేమకు వారంలో గడ్డకడుతుంది, క్షారత్వం తగ్గిపోతుంది. మూత బిగుతుగా పట్టే బకెట్లోకి మార్చుకోండి.

వంటింటి ఆర్ఓ నీళ్లు సరిపోతాయా? క్యాను నీళ్లో?

నేరుగా సరిపోవు. మన కుళాయి నీళ్లు రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ జలాశయాల నుంచో ఏలేరు కాలువ నుంచో వస్తాయి. పేటను బట్టి, కాలాన్ని బట్టి గుణం మారుతుంది, క్లోరిన్ ఎలాగూ ఉంటుంది. వంటింటి ప్యూరిఫయర్లు చాలావరకు రుచి కోసం కొంత ఖనిజాన్ని మళ్లీ కలుపుతాయి. టీడీఎస్ మీటరు పెడితే 30, 60, 80 కనిపిస్తుంది. క్యాను నీళ్లదీ అదే కథ. రీఫ్‌కు కావలసింది 0.

ఉన్న ప్యూరిఫయర్లో మెంబ్రేన్ దాటాక, ఖనిజం కలిసే చోటుకు ముందు టీ జాయింటు పెట్టి డీఐ రెసిన్ (మిగిలిన లవణాలనూ పట్టేసే గుళికలు) కార్ట్రిడ్జ్ తగిలిస్తే పని జరుగుతుంది. రంగు మారే రెసిన్ తీసుకోండి. రంగు మారిపోయాక కూడా వాడితే పట్టి ఉంచిన సిలికేటును తిరిగి వదులుతుంది. మెంబ్రేన్ పారబోసే నీళ్లు ఇల్లు తుడవడానికి పనికొస్తాయి.

లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటరులో ఆర్ఓ నీళ్లతో సున్నా సరిచూశాను. ఇంకేం కావాలి?

సున్నా దగ్గర సరిగ్గా ఉన్న మీటరు 35 దగ్గర రెండు పాయింట్లు తప్పు చెప్పవచ్చు. 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణంతో నెలకోసారి సరిచూడండి. చుక్క వేశాక అర నిమిషం ఆగి చదవండి.

## అమర్చడం

బీచ్ నుంచి ఇసుక తెచ్చి కడిగి వేస్తే ఏమవుతుంది?

మన బీచ్‌లో నల్లగా మెరిసే చారలు ఇల్మనైటు, మాగ్నటైటు. ఎర్రగా కనిపించేది గార్నెట్. మిగతాది చాలావరకు క్వార్ట్జ్. ఇందులో కాల్షియం కార్బొనేటు ఉండేది గవ్వల ముక్కల్లోనే. పగడాలకు మేలు లేకపోవడం అలా ఉంచితే, అసలు నష్టం అద్దానికి. నాచు గీకే అయస్కాంతానికి ఆ నల్ల రేణువులు అతుక్కుని, ఒక్క రుద్దుతో గాజు మీద జీవితకాలం గీతలు పెడతాయి.

1 నుంచి 2 మిల్లీమీటర్ల అరగొనైట్ (కాల్షియం కార్బొనేటు) ఇసుక 15 కిలోలు తీసుకుంటే అడుగున 2.5 సెంటీమీటర్ల మందం వస్తుంది. అంతకన్నా లోతు వద్దు. పొడి చేసిన పగడం అని రాసి ఉన్న సంచులు కొనకండి. ఇసుక లేకుండా గాజు అడుగునే వదిలేసినా తప్పు లేదు.

రాళ్లు ఎక్కడివి వేయాలి?

రీఫ్ ట్యాంకుల కోసం చేసిన సిరామిక్ రాళ్లు, లేదా సిమెంటుతో పోసి బాగా నానబెట్టినవి. 15 నుంచి 20 కిలోలు చాలు. సిమెంటు రాయి ఆరేడు వారాలు నీళ్లు మారుస్తూ నానాలి, బకెట్ నీటి పీహెచ్ 8.5 లోపు నిలబడ్డాకే ట్యాంకులో పెట్టాలి. యారాడ కొండ రాయి, గుట్టల రాయి వద్దు. బరువే తప్ప రంధ్రాలు లేవు. బాక్టీరియా కాపురం ఉండేది రంధ్రాల్లోనే. ఇసుక పోయకముందే రాళ్లు గాజు మీద ఆనేలా పెట్టండి. లేకపోతే ఇసుక తవ్వే చేప రాయిని కూలదోస్తుంది.

చిల్లర్ లేకుండా ఫ్యాన్లతో నెట్టుకురాలేమా?

హైదరాబాదులో అయితే కొంత నడుస్తుంది. విశాఖలో నడవదు. ఫ్యాను చల్లబరిచేది నీటిని ఆవిరి చేసి. ఒక లీటరు ఆవిరైతే 0.67 యూనిట్ల వేడి బయటికి పోతుంది. గాలి అప్పటికే తడిసి ఉంటే ఆవిరి కాదు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మన ఉక్కపోతలో ఫ్యాను ఒకటిన్నర డిగ్రీ దించితే గొప్ప. గది 34లో ఉంటే ట్యాంకు 32, 33 దగ్గర ఆగుతుంది. 30 దాటి కొన్ని రోజులు గడిస్తే పగడాలు తమలోని నాచును వదిలేసి తెల్లబోతాయి.

చిల్లర్‌ను 26కి పెట్టండి. 220 లీటర్లకు 1/10 హెచ్‌పీ మే నెలలో ఆగకుండా తిరుగుతుంది. 1/6 హెచ్‌పీ తీసుకుంటే తక్కువసేపు తిరిగి ఎక్కువకాలం మన్నుతుంది. స్టాండు లోపల మూసి పెట్టకండి, అది వదిలే వేడిని అదే పీల్చుకుంటుంది. జాలీ మీది దుమ్ము నెలకోసారి దులపండి. ఉప్పుగాలికి కండెన్సర్ తుప్పు పట్టడం ఇక్కడ మామూలే.

లైటు ఎంతసేపు? నీళ్లు ఎంత జోరుగా తిరగాలి?

నీలం ఎక్కువున్న రీఫ్ ఎల్ఈడీ రోజుకు 8 నుంచి 9 గంటలు. మెత్తటి పగడాలకు పార్ విలువ (పగడానికి పనికొచ్చే వెలుతురు కొలత) 50 నుంచి 150 మధ్య చాలు, మష్రూములకు 50 దగ్గరే ఇష్టం. కొత్త లైటు సగం వెలుగుతో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో పెంచండి. నీటి తిరుగుడు గంటకు ట్యాంకు పరిమాణానికి 10 నుంచి 20 రెట్లు, అంటే 2,000 నుంచి 4,000 లీటర్లు. ధార నేరుగా పగడాన్ని కొట్టకూడదు, ఎదుటి గాజుకు తగిలి చెదరాలి.

కరెంటు పోయినప్పుడు సంప్ పొంగి ఇల్లంతా నీళ్లయింది. ఎందుకు?

మోటారు ఆగగానే పైనున్న నీళ్లు రెండు దారుల్లో కిందికి వస్తాయి. ఓవర్‌ఫ్లో అంచు దాకా ఉన్నవి ఒకటి, రిటర్న్ పైపు మునిగి ఉన్నంత లోతు సైఫన్ అయి వచ్చేవి రెండు. పైపు మూతి నీటి మట్టానికి ఒక అంగుళం లోపలే ఉంచి, మట్టానికి కాస్త కింద 4 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే అక్కడికి రాగానే గాలి పీల్చి సైఫన్ తెగుతుంది. ఆ రంధ్రం నాచుతో మూసుకుపోవడం వల్లే ఎక్కువ ఇళ్లలో వరద. నీళ్లు నింపిన మొదటి రోజే ప్లగ్గు పీకి చూసి, సంప్ పట్టినంత మట్టం దగ్గర గీత గీసి పెట్టుకోండి.

షాక్ కొట్టకుండా ఏం చేయాలి?

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి. ప్రతి వైరూ సాకెట్టు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి, అప్పుడు జారిన చుక్క నేల మీద పడుతుంది. స్విచ్ బోర్డు ట్యాంకుకు పైనా వద్దు, స్టాండు లోపలా వద్దు.

అన్నీ పెట్టేశాం. చేపలు ఎప్పుడు వేయాలి?

చేపల వ్యర్థాల అమ్మోనియాను మార్చే బాక్టీరియా స్థిరపడ్డాక. సాధారణంగా 4 నుంచి 6 వారాలు. అమ్మోనియం క్లోరైడు 1.25 గ్రాములు 200 లీటర్లలో కరిగిస్తే అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) వస్తుంది. కళాయి వేసేవాళ్ల నవాసాగరం కూడా ఇదే అయినా శుద్ధి తక్కువ, ల్యాబ్ రకం తెచ్చుకోండి. సీసా బాక్టీరియా వేసి, చీకట్లో, మోటార్లన్నీ తిరుగుతుండగా వదిలేయండి. మొదట అమ్మోనియా తగ్గి నైట్రైటు పెరుగుతుంది, తర్వాత అదీ తగ్గి నైట్రేటు మిగులుతుంది. మళ్లీ 2 పీపీఎం వేస్తే 24 గంటల్లో రెండూ సున్నా కావాలి. అయ్యాక సగం నీళ్లు మార్చి ఒక చేపతో మొదలుపెట్టండి. రొయ్య ముక్క కుళ్లబెట్టే పాత పద్ధతి కూడా పనిచేస్తుంది, కానీ మోతాదు తెలియదు, హాలంతా హార్బరు వాసన.

## చేపలు, పగడాలు

మొదట ఏ చేపలు వేయాలి?

ఆసిలారిస్ క్లౌన్ జత. అంటే అంగట్లో నిమో అని అడిగేది. హేచరీలో పుట్టినవే అడగండి. వీటిని మన దేశంలోనే పొదిగించి పెంచే పద్ధతులను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. హేచరీ చేప పెల్లెట్లు తినడం పుట్టుకతో అలవాటైనది. నెల తర్వాత ఒక వాచ్‌మన్ గోబీ, ఒక ఫైర్‌ఫిష్. 3 అడుగుల ట్యాంకుకు 4, 5 చేపలు చాలు. బ్లూ ట్యాంగ్ 6 అడుగుల ట్యాంకు చేప. మాండరిన్ ఎంత అందమైనదైనా బతికి ఉన్న సూక్ష్మ జీవులు తప్ప ముట్టక, కొత్త ట్యాంకులో ఆకలితో చస్తుంది. చవకని డామ్సెల్ వేస్తే తర్వాత వచ్చే ప్రతి చేపనూ అది తరుముతుంది. దాన్ని పట్టాలంటే రాళ్లన్నీ పీకాలి.

తెన్నేటి పార్కు రాళ్ల గుంటల్లో చిన్న చేపలు, పీతలు దొరుకుతాయి. తెచ్చుకోవచ్చా?

వద్దు. అక్కడి చారల చేపలు పెద్దయ్యాక పోట్లాడతాయి, పీతలు రాత్రిపూట పగడాలను, నిద్రపోతున్న చేపలను తింటాయి. పరాన్నజీవుల సంగతి సరేసరి. హార్బరులో వలలో ప్రాణంతో చిక్కినవి పొలుసులూడి రెండు రోజులు కూడా ఉండవు.

కొరియర్‌లో వచ్చిన చేపను ఎలా వదలాలి?

సంచి 20 నిమిషాలు నీటి మీద తేలనివ్వండి. ఆపైన గంటసేపు చుక్క చుక్కగా నీళ్లు కలిపే పద్ధతి పక్క వీధి దుకాణం నుంచి తెచ్చిన చేపకు మంచిది, రాత్రంతా ప్రయాణం చేసిన చేపకు కాదు. మూసిన సంచిలో బొగ్గుపులుసు వాయువు వల్ల పీహెచ్ పడిపోయి అమ్మోనియా అణిగి ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు పోయి, పీహెచ్ పెరిగి, అదే అమ్మోనియా విషమవుతుంది. కాబట్టి ముందే దుకాణంవాళ్ల లవణీయత అడిగి క్వారంటైన్ ట్యాంకును ఆ అంకెకు తెచ్చి, సంచి విప్పిన పది నిమిషాల్లో చేపను అందులోకి మార్చండి. సంచి నీళ్లు పారబోయండి. దుకాణాల్లో లవణీయత తరచూ తక్కువ ఉంచుతారు. అక్కడి నుంచి 35కి రోజుకు ఒకటిన్నర, రెండు పాయింట్ల చొప్పున పెంచండి.

క్వారంటైన్ తప్పదా?

తప్పదు. 40 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, స్పాంజి ఫిల్టరు, రెండు పీవీసీ ముక్కలు, 30 రోజులు.

జోవాంథిడ్లు విషమట. పిల్లలున్న ఇంట్లో ఫరవాలేదా?

వీటిలో కొన్నింటిలో, ముఖ్యంగా పాలీథోవాల్లో, పాలీటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. ట్యాంకులో ఉన్నంతసేపు భయం లేదు. కోసేటప్పుడు చేతికి గ్లవుజులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి, చేతి మీద గాయముంటే ఆ పని మానండి. ఇవి పట్టిన రాయిని ఎప్పుడూ వేడినీళ్లలో మరిగించకండి. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలు వేరే దేశాల్లో ఉన్నాయి.

క్లౌన్ చేపకు అనిమోన్ (అది కాపురముండే పువ్వులాంటి సముద్ర జీవి) లేకపోతే బెంగపెట్టుకోదా?

పెట్టుకోదు. లెదర్ కోరల్‌లోనో ఒక మూలనో ఇల్లు చేసుకుంటుంది. అనిమోన్ నిండా ఏడాది నడిచిన ట్యాంకులోనే నిలుస్తుంది. అంతకు ముందు వేస్తే నచ్చిన చోటు వెతుక్కుంటూ వేవ్‌మేకర్‌లో పడి ముక్కలవుతుంది, ఆ ముక్కలతో ట్యాంకు మొత్తం పాడవుతుంది.

## రోజువారీ పని

రోజూ తగ్గే నీళ్లకు ఉప్పునీళ్లు పోయాలా, మంచినీళ్లా?

మంచినీళ్లే, అదీ టీడీఎస్ 0 ఉన్నవి. ఆవిరయ్యేది నీరు, ఉప్పు లోపలే ఉంటుంది. ఈ ట్యాంకుకు రోజుకు 2 నుంచి 4 లీటర్లు పోతాయి. ఆటో టాప్ అప్ పెడితే నిలకడ వస్తుంది, కానీ దాని డబ్బా 20 లీటర్లకు మించనివ్వకండి. సెన్సర్ ఇరుక్కుని అంతా ఒకేసారి పోసేసినా లవణీయత 32 దగ్గర ఆగుతుంది.

ఏమేం టెస్ట్ చేయాలి?

వారానికోసారి లవణీయత 35, క్షారత్వం 8 నుంచి 9 డీకేహెచ్ (టెస్ట్ కిట్ చూపించే కొలత), నైట్రేటు 5 నుంచి 15 పీపీఎం, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 పీపీఎం. నెలకోసారి కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1,250 నుంచి 1,350 పీపీఎం. మెత్తటి పగడాలకు వారానికి 20 లీటర్ల నీళ్లు మారిస్తే ఇవన్నీ వాటంతటవే నిలబడతాయి. అంకె తప్పిందని సీసా మందులు పోయకండి, ముందు టెస్ట్ మళ్లీ చేయండి.

పచ్చి రొయ్యలు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. ఉప్పు, ఐస్ మందు కలపనివి కడిగి, సన్నగా తరిగి, ఫ్రీజర్‌లో పెట్టి వారానికి రెండుసార్లు. మిగతా రోజులు పెల్లెట్లు. రెండు నిమిషాల్లో తినగలిగినంతే.

దోమల మందు, అగరుబత్తి వల్ల ఏమైనా అవుతుందా?

అవుతుంది. కాయిల్స్, ప్లగ్గులో పెట్టే ద్రావణాలు, స్ప్రేల్లో ఉండేవి పైరెథ్రాయిడ్లు. రొయ్య జాతికీ చేపలకూ అవి చాలా తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. స్కిమ్మర్, ఎయిర్ పంపు గదిలో గాలిని పీల్చి నేరుగా నీటిలో కలుపుతాయి. ట్యాంకు ఉన్న గదిలో దోమతెర, కిటికీలకు జాలీ, అంతే. వీధిలో ఫాగింగ్ బండి వస్తే కిటికీలు మూసి, స్కిమ్మర్, ఎయిర్ పంపు గంటసేపు ఆపి, సంప్‌లో 100 గ్రాముల కొత్త యాక్టివేటెడ్ కార్బన్ (విషాలను పీల్చే బొగ్గు) పెట్టండి. సాంబ్రాణి పొగ దేవుడి గది దాటనివ్వకండి. గోడలకు రంగులేసే రోజుల్లోనూ ఇదే జాగ్రత్త.

## తేడా వచ్చినప్పుడు

రెండో నెలలో ఇసుకంతా గోధుమరంగు. పాడైపోయిందా?

లేదు. డయాటములనే సూక్ష్మ నాచు. సిలికేటు అయిపోగానే పోతాయి. ఎన్నాళ్లైనా పోకపోతే డీఐ రెసిన్ అయిపోయిందేమో చూడండి.

జిగటగా, బుడగలతో, పగలు పెరిగి రాత్రి తగ్గే గోధుమ పోగులైతే అవి డైనోఫ్లాజెల్లేట్లు కావచ్చు. అవి నైట్రేటు, ఫాస్ఫేటు సున్నా అయిన ట్యాంకుల్లోనే ఎక్కువ. అంటే అతి శుభ్రత జబ్బు. నీళ్లు మార్చడం ఆపి, మేత కాస్త పెంచి, ఆ రెండూ కొలతకు అందేలా చేయాలి. ఎర్ర దుప్పటిలా పరుచుకునేది సయనోబాక్టీరియా. దాన్ని పైపుతో లాగేసి, ఆ మూలకు నీటి తిరుగుడు పెంచండి.

చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. మందు పోయనా?

పగడాలున్న ట్యాంకులో పోయకండి. ఇది సముద్రపు ఇక్. దీనికి పనిచేసే రాగి మందు రొయ్యలనూ నత్తలనూ పగడాలనూ చంపుతుంది, రాళ్లలోకి ఇంకి తర్వాత కూడా వదలదు. చేపలన్నిటినీ విడి టబ్బులోకి మార్చి అక్కడ వైద్యం చేయాలి. కీలేటెడ్ కాపర్ అయితే లీటరుకు 2 నుంచి 2.5 మిల్లీగ్రాములు, 30 రోజులు, రోజూ కాపర్ టెస్ట్. పెద్ద ట్యాంకును 76 రోజులు చేపలు లేకుండా ఉంచితే పరాన్నజీవి ఆతిథ్యం దొరక్క చస్తుంది. చుక్కలు రెండు రోజుల్లో మాయమైతే నయమైందనుకోవద్దు. అది ఒంటి మీంచి రాలి ఇసుకలో పిల్లలు పెట్టే దశ.

లెదర్ కోరల్ వారంగా ముడుచుకుని మైనం పూసినట్టుంది. చచ్చిందా?

పాత పొర విడుస్తోంది. నీటి తాకిడి కాస్త పెంచితే పొర ఊడిపోయి మళ్లీ విచ్చుకుంటుంది. రెండు వారాలు దాటినా, దుర్వాసన వచ్చినా, ఒకచోట కరుగుతున్నట్టున్నా అప్పుడు కంగారుపడాలి. చెడిన భాగం కోసేసి, సంప్‌లో కార్బన్ మార్చండి.

ఏసీ గదిలో పెట్టాక పీహెచ్ 7.7 చూపిస్తోంది. బఫర్ పొడి వేయాలా?

వేయకండి. మూసిన గదిలో మనుషులు వదిలే బొగ్గుపులుసు వాయువు నీటిలో కరుగుతోంది. గ్లాసుడు నీళ్లు బాల్కనీలో గంటసేపు గాలి ఆడించి మళ్లీ కొలవండి. 8 దాటితే తప్పు గాలిది. స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీ బయటికి పెడితే చాలు, ఫాగింగ్ రోజుల్లో మాత్రం లోపలికి లాక్కోవాలి.

## కరెంటు, తుపాను, ప్రయాణం

కరెంటు పోతే ఎంతసేపు ఆగుతుంది?

ముందు తరిగేది ప్రాణవాయువు, వేడి తర్వాత. చేపలు తక్కువగా ఉంటే మూడు నాలుగు గంటలు, ఎక్కువుంటే అంతకన్నా ముందే ముప్పు. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఎప్పుడూ తగిలించి ఉంచండి. ఇన్వర్టర్ మీద వేవ్‌మేకర్, రిటర్న్ మోటారు చాలు, చిల్లర్ వద్దు. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ కావాలి. స్క్వేర్ వేవ్ మీద ఏసీ మోటార్లు రొదపెట్టి వేడెక్కుతాయి. అపార్ట్‌మెంట్ జనరేటర్ సాధారణంగా లిఫ్టుకూ కారిడార్‌కూ మాత్రమే ఉంటుంది. ఒక 5 ఆంపియర్ల పాయింటు కోసం అసోసియేషన్‌ను ముందే అడగండి.

తుపాను హెచ్చరిక వస్తే ఏం చేయాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినప్పుడు నగరంలో చాలా పేటలకు రోజుల తరబడి కరెంటు లేదు. లెక్క ఆ స్థాయిలోనే వేసుకోవాలి. రెండు రోజుల ముందు 40 లీటర్లు మార్చి, మరో 40 లీటర్ల ఉప్పునీళ్లు కలిపి మూతపెట్టండి. మేత ఆపేయండి, ఆకలితో ఉన్న చేప తక్కువ ప్రాణవాయువు వాడుతుంది, వారం పస్తు దానికి లెక్క కాదు. సీసాల్లో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి, వేడెక్కితే మూత బిగించిన సీసానే సంప్‌లో తేల్చాలి. బ్యాటరీలు నిండా చార్జ్ చేయండి. ఏ పరికరమూ లేకపోతే మగ్గుతో నీళ్లు తీసి అడుగు ఎత్తు నుంచి పోస్తుండండి, పది నిమిషాలకోసారి.

క్యానిస్టర్ (మూత బిగించిన డబ్బా) ఫిల్టరు వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. కొన్ని గంటలు ఆగాక అందులో బాక్టీరియా చచ్చి నీళ్లు కుళ్లుతాయి. కరెంటు రాగానే తనంతట తాను మొదలైతే ఆ విషమంతా ట్యాంకులోకి వస్తుంది. ప్లగ్గు పీకి ఉంచి, కరెంటు వచ్చాక నీళ్లు పారబోసి, ట్యాంకు నీటితో కడిగి అప్పుడు తగిలించండి.

సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తాం. ఎవరికి అప్పగించాలి?

చేపల గురించి తెలియని పక్కింటివాళ్లకే, కానీ మేతను రోజుకో పొట్లం చొప్పున కట్టి తేదీ రాసి ఇవ్వండి. డబ్బా మొత్తం అప్పగిస్తే ప్రేమతో చంపేస్తారు. జనవరిలో చిల్లర్ బెడద తక్కువ. టాప్ అప్ డబ్బాలో ఎంత గీత దాకా నీళ్లుండాలో, కరెంటు పోతే ఏ స్విచ్ వేయాలో గోడకు కాగితం అంటించండి.

ఇక చూసుకోలేకపోతున్నాం. చేపల్ని రుషికొండలో వదిలేస్తే పుణ్యం కదా?

పుణ్యం కాదు. అవి చాలావరకు ఈ తీరానికి చెందినవి కావు, వాటి వెంట వచ్చే రోగాలు ఇక్కడి చేపలకు అంటుకుంటాయి, హేచరీ చేప సముద్రంలో బతికే అవకాశం తక్కువ. దుకాణానికో మరో ట్యాంకు యజమానికో ఇచ్చేయండి. పగడాల బిల్లులు కూడా వాటితో పాటే ఇవ్వండి. నీళ్లు బాత్రూమ్ కాలువలో పోయాలి, కుండీల్లో పోస్తే మొక్కలు ఎండిపోతాయి. రాళ్లను గ్లవుజులతో తీసి, వారంపాటు బ్లీచింగ్ కలిపిన నీటిలో నానబెట్టి, ఎండబెట్టండి.